కోకోనట్ కౌంటీలో పునుగు వాసన

కాలవ గట్టున ఒకప్పుడు పెద్ద కొబ్బరితోట ఉండేది. చెట్లు కొట్టేసి, మెరక తోలి, ప్లాట్లు వేసి, దానికి 'కోకోనట్ కౌంటీ' అని పేరు పెట్టారు. ఇప్పుడక్కడ కొబ్బరిచెట్లు మొత్తం రెండే. రెండూ ముఖద్వారం ఆర్చి మీద సిమెంటుతో కట్టి, పచ్చరంగు వేసినవి. వాటికి కాయలు కాయవు కాబట్టి ఎవరి నెత్తినా పడే భయం లేదు. అభివృద్ధి అంటే ఇదేనని బిల్డరు కరపత్రాలు కూడా పంచాడు.

తోటతో పాటు తోటలో జీవాలన్నీ ఎటో వెళ్లిపోయాయని మనుషులు అనుకున్నారు. ఎటు వెళ్తాయి? కాలవకి అటుపక్క రొయ్యల చెరువులు, ఇటుపక్క హైవే. అంచేత ఎవరి వీలుని బట్టి వాళ్లు అక్కడే సర్దుకున్నారు. ఉడుత ఏసీ డబ్బా వెనక కాపురం పెట్టింది. ముంగిస సెప్టిక్ ట్యాంకు పక్కన స్థిరపడి, అదేదో స్వర్గం అన్నట్టు చుట్టాలని కూడా పిలిపించుకుంది. పునుగుపిల్లి అచ్చాయమ్మ మాత్రం ఏకంగా మోడల్ హౌస్‌లో దిగింది.

మోడల్ హౌస్ అంటే కొనేవాళ్లకి చూపించడానికి బిల్డరు మొట్టమొదట కట్టిన ఇల్లు. పాలరాయి నేల ఉంది, రంగుల దీపాలున్నాయి, హాల్లో ఫాల్స్ సీలింగు ఉంది. వీటన్నిటితో పాటు వీధిపోటు కూడా ఉంది. రోడ్డు తిన్నగా వచ్చి గుమ్మానికి గుచ్చుకుంటోందని, చూడ్డానికి వచ్చినవాళ్లందరూ ఇంటిని తెగ మెచ్చుకుని, కాఫీ తాగి, ఇంకో ఇల్లు కొనుక్కునేవారు. మనుషుల వాస్తు పుణ్యమా అని అచ్చాయమ్మకి సీలింగు పైన చీకటి, వెచ్చదనం, ఏకాంతం దొరికాయి. ఆ జ్యేష్ఠమాసంలో ఆవిడ అక్కడే రెండు పిల్లల్ని కంది.

అచ్చాయమ్మ ఒకరి జోలికి పోయే మనిషి కాదు. పొద్దుగూకితే పిట్టగోడల మీంచి, కేబులు వైర్ల మీంచి నడిచి వెళ్లి, పార్కు మూల మిగిలిన నేరేడుచెట్టు ఎక్కి నాలుగు పళ్లు తినేది. దార్లో కనపడిన ఎలకనో పందికొక్కు పిల్లనో నోట కరుచుకుని ఇంటికి వచ్చేది. కౌంటీలో పందికొక్కులు తగ్గడానికి కారణం ఆవిడేనని ఎవరికీ తెలీదు, పందికొక్కులకి తప్ప.

ఆవిడకున్న ఒకే ఒక్క బలహీనత వాసన. పునుగుపిల్లికి తోక కింద చిన్న సంచి ఉంటుంది. అందులో నూనెలాంటి పునుగు ఊరుతుంది. నడిచిన దారిలో అక్కడక్కడా ఒక బొట్టు రాయందే వాళ్ల జాతికి నడిచినట్టు ఉండదు. మనుషులకి పునుగంటే మహా భక్తి. డబ్బీలో ఉంటే కళ్లకద్దుకుంటారు. అదే నెత్తి మీద సీలింగులోంచి వస్తే ఏదో చచ్చిందని ఫినాయిలు పోస్తారు.

ఇంక ఈ కథలో పెద్దమనిషి జంబుకేశ్వర్రావు గారు. కాలవ గట్టు జమ్ముగడ్డిలో ఉండే నక్క. ఆయనది మొదట్నుంచీ సలహాల వృత్తి. అంటే ఒకరికి సలహా చెప్పి, ఇంకొకరిని తినడం. ఒకనాటి సాయంత్రం ఆయన మోడల్ హౌస్ వెనక పారేసిన బిర్యానీ పొట్లాం విప్పుతుండగా, పైనుంచి చిన్న చిన్న కూతలు వినపడ్డాయి. పొట్లాం వదిలేసి తల పైకెత్తాడు. లేత ప్రాణాలు. రెండు. నోట్లో నీళ్లూరాయి గానీ గోడ మరీ ఎత్తు. నక్కకి ఎక్కడం రాదు. ఎక్కినవాళ్లని దింపడం మాత్రం వచ్చు.

తిన్నగా ట్రాన్స్‌ఫార్మరు దిమ్మ దగ్గరికి వెళ్లాడు. అక్కడ కౌంటీ కుక్కల సంఘం కూర్చుని ఉంది. ప్రెసిడెంటు పేరు టైగరు. ఆయన జీవితంలో పులిని చూసింది బీడీకట్ట మీద బొమ్మలోనే. సెక్రటరీ పేరు బ్రౌనీ. ప్రెసిడెంటు మొరిగాక మొరగడం ఆయన బాధ్యత.

"నమస్కారమండి ప్రెసిడెంటు గారూ. ఏంటలా చిక్కిపోయారు?" అన్నాడు జంబుకేశ్వర్రావు.

"చిక్కడమా? పొట్ట నేలకి రాసుకుంటుంటేనూ!" అన్నాడు టైగరు.

"పైకి అలాగే కనపడతారండి. లోపల బెంగ ఉంటే మనిషి ఎలా ఉంటాడో నాకు తెలీదా?"

"నాకేం బెంగండీ?"

"అయ్యో, మీకింకా తెలీదా? అయితే నేను చెప్పకూడదండి. నాకెందుకొచ్చిన గొడవ." నాలుగడుగులు వెనక్కి వేసి, ఆగి, చెవి గోక్కున్నాడు. ఇంక చెప్పకపోతే సంఘం మొత్తం ఆయన్ని పట్టుకుని వేలాడేట్టు ఉంది.

"చెప్పండి బాబూ, చంపకండి," అన్నాడు బ్రౌనీ.

"మరేంలేదండి. మేడల మీద దడదడమని చప్పుడవుతోందంట. కుక్కలు తిని పడుకుంటున్నాయే గానీ కాపలా కాయట్లేదని మూడో వీధి డాక్టరమ్మ గారు అంటుంటే నా చెవిని పడింది. బిస్కెట్లు మానేసి, ఆ ఖర్చుతో వాచ్‌మన్ని పెట్టుకుందామని అనుకుంటున్నారండి."

బిస్కెట్లు అన్న మాట వినగానే పడుకున్న కుక్కలు లేచి కూర్చున్నాయి. కూర్చున్నవి నిలబడ్డాయి. అంత బాధ టైగరుకి తల్లి పోయినప్పుడు కూడా కలగలేదు.

"ఆ చప్పుడు చేసేదెవరండీ?" అన్నాడు.

"ఇంకెవరండీ, పునుగుపిల్లి. ఎక్కడ్నుంచో వచ్చి మన మీద పడింది."

అచ్చాయమ్మ ముత్తవ్వ పుట్టేటప్పటికే ఆ నేల మీద తోట ఉంది. టైగరు నిరుడు వర్షాకాలంలో హైవే డాబా దగ్గర తన్నులు తిని ఇటు వచ్చినవాడు. అయినా సరే, ఎక్కడ్నుంచో వచ్చింది అనగానే ఆయన రక్తం మరిగిపోయింది. "మా ఊళ్లోకొచ్చి మా కూడు తీస్తుందా?" అని లేచాడు. "చూపించండి, ఇప్పుడే తేల్చేస్తాను."

"అక్కడే ఉందండి ఇబ్బంది. అది నేల మీద నడవదు, మనకి కనపడదు. కనపడక్కర్లేదు కూడా. భగవంతుడు మీకు ముక్కిచ్చింది దేనికండీ? ఒక తీర్మానం చేసుకోండి. పునుగు వాసన ఎవరి దగ్గరొస్తే వాళ్లే పునుగుపిల్లి. కాలవ దాటేదాకా తరమాలి. ముందు తరమాలి, తరవాత అడగాలి."

బ్రౌనీకి అప్పుడప్పుడూ అనుమానాలు వస్తుంటాయి. అందుకే ఆయన సెక్రటరీగానే ఉండిపోయాడు. "మరి ఇంకెవరికన్నా ఆ వాసన అంటుకుంటేనండీ?" అన్నాడు.

"అంటుకోడానికి అదేమన్నా గజ్జా?" అని నవ్వాడు జంబుకేశ్వర్రావు. సంఘం కూడా నవ్వింది. బ్రౌనీ తోక ముడుచుకున్నాడు.

"పట్టుకున్నాక, నేను పునుగుపిల్లిని కాదు మొర్రో అంటేనో?" అన్నాడు టైగరు.

"ఆయ్! ప్రెసిడెంటు అనిపించుకున్నారండి. దొంగ దొరికినప్పుడు, నేను దొంగనే అంటాడేంటండీ? కాదన్నాడంటే అదే రుజువు. మాట వినిపించుకోకండి, మొహం చూడకండి. కళ్లు మోసం చేస్తాయి, ముక్కు చెయ్యదు. అవతలి గట్టు సంఘానికి కూడా ఈ ముక్క చెప్పొస్తానండి. ఇటు తరిమింది అటు దిగకూడదు కదా."

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. వద్దనేవాళ్లు చెయ్యెత్తమని ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ ఎత్తలేదు.

ఆ రోజు నుంచి మోడల్ హౌస్ చుట్టూ కాపలా మొదలైంది. అచ్చాయమ్మ గోడ దిగబోతే కింద కుక్కల కోరలు. నేరేడుచెట్టు దగ్గరికి వైర్ల మీద పోదామంటే చెట్టు మొదట్లో నలుగురు. పైనుంచి నేరేడుపళ్లు రాలి నేల నల్లబడుతోంది. ఆవిడకి కడుపులో పేగులు అరుస్తున్నాయి. తల్లి తింటేనే కదా పిల్లలకి పాలు. వాళ్లు చీకి చీకి, ఏమీ రాక, చిన్న గొంతులతో ఏడుస్తున్నారు. ఆ ఏడుపు వింటుంటే ఆవిడకి ఎవరిని కరవాలో తెలియనంత కోపం, ఎవరి కాళ్లు పట్టుకోవాలో తెలియనంత భయం ఒకేసారి వచ్చేవి.

సరిగ్గా ఆ అదను చూసి, కుక్కలు సాయంత్రం బిస్కెట్లకి వెళ్లిన సమయంలో, జంబుకేశ్వర్రావు ప్రహరీగోడ కిందకి వచ్చి నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు కూడా తెచ్చుకున్నాడు. ఆ విద్యలో ఆయన్ని కొట్టినవాడు లేడు.

"చెల్లెమ్మా, అచ్చాయమ్మా! ఎలా ఉన్నావు తల్లీ? గుమ్మంలో మావిడాకుల తోరణం చూశావా?"

అచ్చాయమ్మ సన్‌షేడ్ మీంచి తొంగి చూసింది. నిజమే, గేటుకి తోరణం వేలాడుతోంది. ఫంక్షన్ హాలు చెత్తకుండీ దగ్గర్నుంచి దాన్ని నోట కరుచుకొచ్చి తగిలించింది ఎవరో ఆవిడకేం తెలుసు?

"ఇల్లు అమ్ముడైపోయిందమ్మా. ఎల్లుండే గృహప్రవేశం. ముందు ఆవుని తోలుకొస్తారు. తరవాత హోమం. ఆ పొగ ఎటు పోతుంది? తిన్నగా నీ సీలింగులోకే. కళ్లు కూడా సరిగ్గా తెరవని పసిగుడ్లు, వాళ్లు తట్టుకుంటారా?"

అచ్చాయమ్మ పిల్లలున్న వైపు తిరిగి చూసింది. "ఎక్కడికి పొమ్మంటారండీ అన్నయ్య గారూ? ఉన్న చెట్లన్నీ కొట్టేశారు. మిగతా ఇళ్ల కిటికీలకి కూడా జాలీలు బిగించారు."

"నేను బతికుండగా నువ్వు రోడ్డున పడతావా? ఆర్చి పక్కన తూముంది. చల్లగా ఉంటుంది. ఎవరూ రారు. నేను కబురు చెప్పి అంతా శుభ్రం చేయించాను. ఎల్లుండి తెల్లారేసరికి పిల్లల్ని కింద గడ్డిలో పెట్టి ఉంచు. నేనొచ్చి దగ్గరుండి తీసుకెళ్తాను."

"మరి కుక్కలండీ?"

"ప్రెసిడెంటు మన మనిషేనమ్మా. నేను నిలబడమంటే నిలబడతాడు, కూర్చోమంటే కూర్చుంటాడు." కళ్లు తుడుచుకుని వెళ్లిపోయాడు. ఆ తూములో ఎంత అరిచినా బయట ఎవరికీ వినపడదు. అది ఆయన ముందే చూసుకున్నాడు.

అచ్చాయమ్మ పిల్లల్ని కడుపు కింద పొదువుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. ఒక పిల్లని నోట కరుచుకుని పోతే రెండోది ఒక్కతే ఉండాలి. ఇద్దరినీ ఒకేసారి మోయడానికి నోరు ఒక్కటే. పోనీ ఈ నక్క మాట నమ్ముదామా? నక్క మాట నమ్మినవాళ్లెవరూ తరవాత వచ్చి అనుభవం చెప్పిన దాఖలా లేదు. నమ్మకపోతే పొగ. ఆలోచించేకొద్దీ దారి మూసుకుపోతోంది.

మర్నాడు పొద్దున్నే ప్రహరీగోడకి ఒళ్లు రాసుకుంటూ బుల్లెమ్మ వచ్చింది. బుల్లెమ్మ గృహప్రవేశాల ఆవు. కౌంటీలో ఏ ఇంట్లోనైనా మొదటి అడుగు ఆవిడదే. కాళ్లకి పసుపు రాసి, కొమ్ములకి పూలు చుట్టి, మహాలక్ష్మి అని చేతులెత్తి దండం పెట్టి లోపలికి తీసుకెళ్తారు. మర్నాడు అదే గేటు దగ్గర కనపడితే అదే చేతుల్తో కర్ర తీస్తారు. బుల్లెమ్మ రెంటికీ అలవాటు పడిపోయింది.

అచ్చాయమ్మ పిట్టగోడ మీంచి పిలిచింది. "అత్తా! రేపు ఇక్కడ గృహప్రవేశమంట కదా. నీకు ఎన్నింటికి రమ్మన్నారు?"

బుల్లెమ్మ నెమరు ఆపలేదు. "ఎవరి ఇంటికే?"

"ఈ ఇంటికే అత్తా. తోరణం కట్టలేదూ?"

బుల్లెమ్మ తోరణం దగ్గరికి నడిచి, వాసన చూసి, నాలుగు ఆకులు నమిలి ఉమ్మేసింది. "ఎండి గలగల్లాడుతోంది. నా పళ్లూడేట్టున్నాయి. ఒసేయ్ అమ్మాయ్, ఇది ఏ మాసం?"

"నాకేం తెలుసత్తా. నేరేడుపళ్లు పండాయి, అంతే తెలుసు."

"ఆషాఢమే! ఆషాఢంలో గృహప్రవేశం ఏ మారాజు పెట్టుకుంటాడే? సిమెంటు రోడ్డు మీద కొబ్బరితోట ఉందని నమ్మి కొన్నవాళ్లు కూడా ఆషాఢంలో పాలు పొంగించరు. ముహూర్తాలుంటే నేనిక్కడ ప్లాస్టిక్ సంచులు నములుకుంటూ తిరుగుతానా? ఎవడు చెప్పాడు నీకు?"

"జంబుకేశ్వర్రావు గారు."

బుల్లెమ్మ అప్పుడు నెమరు ఆపింది. "వాడా? నిన్ను ఏం చెయ్యమన్నాడు?"

"పిల్లల్ని కింద గడ్డిలో పెట్టమన్నాడు." ఆ మాట తన నోటి నుంచే వినేసరికి అచ్చాయమ్మకి అంతా అర్థమైపోయింది. వెంటనే కోపం వచ్చింది. అన్నయ్య గారూ అని పిలిచినందుకు తన మీద తనకే మంట పుట్టింది.

"జమ్ములో పుట్టినవాడికి ముహూర్తాలేం తెలుస్తాయి?" అంది బుల్లెమ్మ. "ఒక్కసారి గృహప్రవేశానికి వచ్చి ఉంటే తెలిసేది. ఎంత మర్యాదగా జరుగుతాయనుకున్నావు! గుమ్మంలోనే పన్నీరు చల్లి, మెడకి గంధం రాస్తారు. ఆ ఇంటివాళ్లని వారం రోజులు తిట్టినవాడు కూడా గంధం గిన్నె చూస్తే మెడ చాపుతాడే. గంధం వద్దన్నవాణ్ణి నేనింతవరకూ చూళ్లేదు."

అచ్చాయమ్మ తోక ముందుకి తిప్పుకుని వాసన చూసుకుంది. "వద్దనరా అత్తా?" అంది.

"ఛస్తే అనరు."

"సరే అయితే. మర్యాద చేద్దాం."

ఆ మర్నాడు తెల్లవారుతుండగా జంబుకేశ్వర్రావు గారు వేంచేశారు. ఒళ్లు నాక్కుని, మీసాలు దువ్వుకుని, పెళ్లికి వచ్చినట్టు వచ్చారు. కుక్కలు అప్పుడే పాలవ్యాను వెనక ఆర్చి దగ్గరికి వెళ్లాయి. గడ్డిలో చూశాడు. పిల్లలు లేరు. మొహం కొంచెం ముడుచుకుంది.

"ఏమ్మా చెల్లెమ్మా, ఇంకా దింపలేదా?"

అచ్చాయమ్మ ప్రహరీగోడ మీద కూర్చుని ఉంది. "వచ్చారా అన్నయ్య గారూ! మీకోసమే చూస్తున్నానండి. పిల్లలకి ఒళ్లు తుడుస్తున్నాను. కొత్తింటికి వెళ్తూ మురికి మొహాలతో వెళ్తే బావుంటుందేంటండీ?"

శుభ్రం చేసిన పిల్లలు. జంబుకేశ్వర్రావు గుటక వేశాడు. "బావుండదు, బావుండదు. తుడు, బాగా తుడు."

"మీకు ఎలా రుణం తీర్చుకోవాలో తెలీట్లేదండి. తోడబుట్టినవాళ్లు కూడా ఇంత చెయ్యరు. మా ఇళ్లల్లో ఒక ఆచారం ఉందండి. కొత్తిల్లు చూపించిన పెద్దాయనకి గంధం పెట్టి, ఆయన్ని ముందు నడిపించి, పిల్లాపాపలతో వెనక నడుస్తాం. పెట్టించుకోకుండా వెళ్తే పిల్లలకి మంచిది కాదంటారు. మీలాంటి పెద్దలు కాదనకూడదు."

అంతవరకూ జంబుకేశ్వర్రావు గారికి ఎవరూ ఏదీ పెట్టలేదు. పెట్టిన దెబ్బలే గానీ గంధం తెలీదు. ఛాతీ రెండంగుళాలు పెరిగింది. పునుగుపిల్లి గంధమంటే ఏమిటో ఆయనకి తెలీకపోలేదు. తెలిసే మెడ చాపాడు. కుక్కలు గుర్తొచ్చాయి కూడా. వెంటనే మనసులో నవ్వుకున్నాడు. ఆ తీర్మానం చెప్పింది ఎవరు? నేను. ప్రెసిడెంటు ఎవరి మనిషి? నా మనిషి. ఊరికి పెట్టిన రూలు నన్నేం చేస్తుంది?

"కానియ్యమ్మా, నీ ముచ్చట ఎందుకు కాదనాలి," అని గోడకి ముందుకాళ్లు ఆనించి నిలబడ్డాడు.

అచ్చాయమ్మ వెనక్కి తిరిగి తోక ఎత్తింది. గంధం ఏ గిన్నెలోంచి వచ్చిందని అడగడం మర్యాద కాదు కాబట్టి ఆయన అడగలేదు. మెడకి ఒక పొర, రెండు భుజాలకి రెండు పొరలు, నెత్తి మీద ఒక ధార. "వీపు కూడా తిప్పండి అన్నయ్య గారూ, పిసినారితనం మా వంశంలో లేదు." వీపు తిప్పాడు. "తోక కూడానండి." తోకా అందించాడు. ఆవిడ సంచిలో చుక్క మిగల్చలేదు. పిల్లల ఏడుపు గుర్తొచ్చినప్పుడల్లా ఇంకాస్త పూసింది.

"అబ్బ, పెళ్లికొడుకులా ఉన్నారండి! ఇంక మీరు ముందు నడవండి. పెద్దవాళ్లు అడుగుపెట్టాకే మేం అడుగుపెట్టాలి. పిల్లల్ని నోట కరుచుకుని మీ వెనకే వచ్చేస్తాను."

తూములో కూర్చుంటే భోజనం తనంతట తనే నడిచొస్తుందని జంబుకేశ్వర్రావు సంబరపడ్డాడు. నడిరోడ్డు మీద, తల ఎత్తుకుని, ఆర్చి వైపు నడిచాడు. ఆషాఢపు గాలి ఆయన వెనకనుంచి ఆర్చి వైపే వీస్తోంది. ఆయన కంటే ముందు ఆయన గంధం వెళ్లి సంఘాన్ని పలకరించింది.

టైగరు చెవులు నిక్కబొడుచుకున్నాయి. బ్రౌనీ ముక్కు ఎగబీల్చాడు. సంఘం యావత్తూ ఒక్కసారిగా అటు తిరిగింది.

"నమస్కారమండి ప్రెసిడెంటు గారూ," అన్నాడు జంబుకేశ్వర్రావు, ఎప్పట్లాగే.

"ముందు తరమండ్రా!" అన్నాడు టైగరు.

"ఏవండోయ్! నేనండీ! జంబుకేశ్వర్రావుని!"

బ్రౌనీ పరిగెడుతూనే అన్నాడు. "చూడ్డానికి జంబుకేశ్వర్రావు గారిలాగే ఉన్నారండి ప్రెసిడెంటు గారూ."

"కళ్లు మోసం చేస్తాయని ఆయనే చెప్పారు కదరా. ముక్కుతో చూడు!"

బ్రౌనీ ముక్కుతో చూశాడు. ముక్కుతో చూస్తే అచ్చం పునుగుపిల్లే.

"ఒరేయ్, నేను పునుగుపిల్లిని కాదురా బాబూ!" అని అరిచాడు నక్క. ప్రాణం మీదకొచ్చేసరికి అండీలు పోయాయి.

"విన్నావా? కాదంటున్నాడు! అదే రుజువు! పట్టండ్రా!"

ఒకటో వీధి, రెండో వీధి, పార్కు, జిమ్ము, మళ్లీ ఒకటో వీధి. పొద్దున్నే నడకకి వచ్చిన మనుషులు, మన కుక్కలు ఎంత విశ్వాసంగా నక్కని తరుముతున్నాయో అని మురిసిపోయి వీడియోలు తీసుకున్నారు. వెనకకాలు ఒకటి బ్రౌనీ నోట పడింది, సగం తోక టైగరు నోట పడింది. చివరికి జంబుకేశ్వర్రావు గారు ప్రహరీ కన్నంలోంచి దూరి, కొత్తనీరు పారుతున్న కాలవలోకి దూకి, ఈదుకుంటూ అవతలి గట్టెక్కాడు. నీళ్లకి మట్టి పోయింది, నెత్తురు పోయింది. పునుగు పోలేదు, నూనె కదా. అవతలి గట్టు మీద రొయ్యల చెరువుల సంఘం వరసగా నిలబడి ఉంది. వాళ్లకి తీర్మానం గురించి ఎవరో ముందే చెప్పి ఉంచారు.

ఆ తరవాత ఆయన్ని ఆ మండలంలో ఎవరూ చూడలేదు. ఏ ఊరి పొలిమేరకి వెళ్లినా, నక్క వచ్చిందని ఎవరూ చెప్పాల్సిన పని లేకుండా పోయిందని మాత్రం విన్నాం. నక్కబతుకంతా ఎవరికీ తెలీకుండా రావడంలోనే కదా ఉంది.

కౌంటీలో ఆ రోజు పండగ. డాక్టరమ్మ గారు వీడియో చూసి స్వయంగా రెండు బిస్కెట్ పాకెట్లు తెచ్చి పెట్టింది. టైగరు దిమ్మ ఎక్కి, పునుగుపిల్లి బెడద శాశ్వతంగా తీరిపోయిందని ప్రకటించాడు. కాపలా ఎత్తేశారు.

పొద్దుగూకాక అచ్చాయమ్మ వైరు మీద నడిచి వచ్చి, కుక్కల నెత్తి మీదుగానే నేరేడుచెట్టు ఎక్కింది. ఎంత ఆకలిగా ఉందంటే గింజలతో సహా మింగేసింది. తింటుంటే కళ్లమ్మట నీళ్లు కారాయి. కింద బ్రౌనీ ముక్కు పైకెత్తాడు.

"ప్రెసిడెంటు గారూ, ఏదో వాసనొస్తోందండి. అచ్చం పునుగులా."

"పునుగుపిల్లిని తరిమేశామా లేదా?"

"తరిమేశామండి."

"తరిమేశాక వాసన ఎలా వస్తుందిరా? ఉండదు. నీకు వస్తోందంటే నీ ముక్కు పాడైందన్నమాట. ముక్కు పాడైనవాణ్ణి సెక్రటరీగా ఉంచొచ్చో లేదో రేపు ఆలోచిద్దాం."

బ్రౌనీ ఇంకోసారి గాలి పీల్చాడు. పక్కనే ఉన్న బిస్కెట్ వైపు చూశాడు. "లేదండి. రావట్లేదండి," అన్నాడు.

అచ్చాయమ్మ కడుపునిండా తిని ఇంటికి వెళ్లింది. పిల్లలు రెండూ ఆవిడ మీద పడి, తోసుకుంటూ, గుటగుటమని పాలు తాగాయి.

పక్కవాణ్ణి తరమడానికి పెట్టిన రూలుకి ముక్కే గానీ కళ్లుండవు. అది పెట్టినవాణ్ణి కూడా పోల్చుకోదు.